నేతగాని నడుముకు తగిన పరుపు

నూలు కొనునప్పుడు మనము నంబరు అడుగుదుము. చిలప విప్పి చూతుము, పోగు తెంపి బలము చూతుము, రంగు కారునేమోయని నీళ్లలో ముంచి చూతుము. కాని రాత్రి ఏడెనిమిది గంటలు మన ఒంటిని మోయు పరుపు కొనునప్పుడు మాత్రము పై గుడ్డ చూచి, ధర అడిగి, అంగడివారు చెప్పిన మాటకు తలయూపి ఇంటికి తెచ్చుకొందుము. లోపల ఏమున్నదో అడుగువారు నూటికి ఒకరైనను కానరారు. పగలంతయు గుంట మగ్గములో కూర్చుండి నడుము వంచి పనిచేయువారికి ఇది చిన్న విషయము కాదు. కావున ఈ పాఠములో పరుపును గురించి మన కుటుంబములు తెలిసికొనవలసిన సంగతులను క్రమముగా చెప్పెదము.

మా వల్ల జరిగిన పొరపాటు

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. మా సంఘములో అరువది ఏండ్లు దాటిన సభ్యుడొకరు గలరు. బక్కపలుచని మనిషి. చిన్ననాటి నుండి మగ్గమే జీవనము. ఆయన కంతుల మీద ఒక నురుగు పరుపు కొన్నారు. రెండేండ్లు తిరుగక మునుపే నడిమి భాగము గుంట పడినది. కంతులు ఇంకను తీరలేదు, నడుము నొప్పి మాత్రము వచ్చినది. అంగడికి పోయి అడుగగా, “గుంట మీరు చెప్పినంత లోతు లేదు, గ్యారంటీకి రాదు” అని పంపివేసిరి.

ఆయన మా యొద్దకు వచ్చి చెప్పుకొన్నప్పుడు మేము పెద్ద తెలిసినవారివలె, “ఆ పరుపు తీసి పారవేసి వట్టి నేలమీద పడుకొనండి, మామా. నడుముకు నేలను మించిన మందు లేదు” అని చెప్పితిమి. ఆయన మా మాట నమ్మి అటులే చేసిరి. మూడు వారములకు మరల వచ్చి, “సెక్రటరీగారూ, పగలు మగ్గముతో నొప్పి, రాత్రి నేలతో నొప్పి. ఇక నేనెక్కడ ఒరుగవలె?” అని అడిగిరి. ఎముకలకు కండ పట్టులేని శరీరము గనుక తుంటి, భుజము నేలకు ఒరసికొని నిద్ర పట్టలేదు. పెండ్లిండ్ల కాలములో మగ్గముపై ఎక్కించిన పడుగు నలువది దినములు కదలలేదు. ఆ నష్టము ఆయనది, దానికి కారణమైన సలహా మాది.

తరువాత వైద్యుని చూపించి, ఆయన చెప్పిన ప్రకారము మరీ గట్టిగాని, మరీ మెత్తగాని కాని దూది పరుపు ఒకటి మా కండ్ల ఎదుటనే కుట్టించితిమి. నొప్పి పూర్తిగా పోయినదని చెప్పము. కాని నిద్ర వచ్చినది, ఆయన మరల మగ్గమెక్కిరి. అప్పటినుండి ఈ విషయమును విచారించి తెలిసికొన్నదే ఈ వ్యాసము.

1. ముందు శరీరము, పిదప పరుపు

“నడుము నొప్పికి గట్టి పడకయే మంచిది” అను మాట మన పెద్దలు చెప్పుచు వచ్చినది. చాలకాలము వైద్యులును అదే చెప్పిరి. కాని స్పెయిను దేశములో చాలకాలముగా నడుము నొప్పి గల 313 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు గట్టి పరుపు, రెండవ జట్టుకు మధ్యరకము గట్టిదనము గల పరుపు ఇచ్చి 90 దినములు గమనించిరి. ఆ ఫలితము 2003లో లాన్సెట్ అను వైద్య పత్రికలో వెలువడినది. మధ్యరకము పరుపు వాడినవారికి పడుకొన్నప్పుడును, లేచునప్పుడును నొప్పి ఎక్కువగా తగ్గినది. పనిపాటలలో ఇబ్బందియు తగ్గినది.

దీని కారణము మనకు సులభముగా బోధపడును. మన వెన్ను తిన్నని కర్ర కాదు. నడుము వద్ద లోనికి, వీపు వద్ద వెలుపలికి వంపు గలది. మరీ గట్టి పడకమీద భుజము, తుంటి మాత్రమే ఆనును. నడుము గాలిలో వ్రేలాడును. మరీ మెత్తని పడకమీద బరువైన తుంటి భాగము లోనికి దిగి వెన్ను ఊయలవలె వంగును. రెండింట కండరములకు రాత్రియంతయు విశ్రాంతి లేదు. పగలు వంగి పనిచేసిన నడుమునకు రాత్రియు అదే శిక్ష.

పరీక్ష చేయు విధము ఇది. పరుపుమీద వెల్లకిల పడుకొని నడుము క్రిందికి చేయి పోనిచ్చి చూడవలెను. చేయి అడ్డులేక ఇటునుండి అటు పోయిన ఆ పరుపు మీకు గట్టిది. చేయి చొరకున్న మెత్తనిది. కొంచెము ఒత్తిడితో చేయి చొచ్చిన సరిపోవును. అంగడిలో కూర్చుండి అరచేతితో నొక్కి చూచుట పరీక్ష కాదు. మీరు రోజూ పడుకొను విధముగా పది పదునైదు నిమిషములు పడుకొని చూడవలెను. ఇందుకు సిగ్గుపడ పనిలేదు.

మనిషి బరువునుబట్టియు మార్పు ఉండును. బరువైనవారికి కొంచెము గట్టిది, పలుచనివారికి కొంచెము మెత్తనిది తగును. ప్రక్కకు తిరిగి పడుకొనువారికి భుజము, తుంటి కొంత దిగుటకు వీలుండవలెను. అట్టివారు మోకాళ్ల నడుమ చిన్న దిండు పెట్టుకొన్నచో నడుముకు సుఖము. వెల్లకిల పడుకొనువారు మోకాళ్ల క్రింద దిండు పెట్టుకొనవచ్చును.

ఏడాదిలోపు పసిబిడ్డల మాట వేరు. వారికి మెత్తని పరుపు, దిండు, బొంత కూడదు. ముఖము మెత్తనలో కూరుకొని ఊపిరాడకపోవు అపాయము గలదు. చదునుగా, గట్టిగా ఉన్న పడకమీద వెల్లకిల పరుండబెట్టవలెను. మంచము పట్టిన వృద్ధులకు ఒకేచోట ఒరసికొని పుండ్లు పడకుండ, గాలి మార్చి మార్చి నింపు పరుపులు గలవు. అవి ఉన్నను మనిషిని రెండు గంటల కొకమారు త్రిప్పి పరుండబెట్టుట మానరాదు.

ఇంకొక మాట. నొప్పి నడుమునుండి కాలిలోనికి పాకుట, కాలు తిమ్మిరెక్కుట, బలము తగ్గుట, మూత్రము పట్టు తప్పుట వంటివి కనబడిన ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. అది పరుపుతో తీరు జబ్బు కాదు.

2. లోపలి సరుకు

దూది. మన కోవిల్‌పట్టి నల్లరేగడి భూములు పూర్వమునుండి ప్రత్తికి పేరుపడినవి. 1901లోనే ఇక్కడ వ్యవసాయ పరిశోధన కేంద్రము ఏర్పడినది. తిరునెల్వేలి ప్రత్తియని సీమ వ్యాపారస్తులు పిలిచిన సరుకులో కరుంగన్ని రకము ముఖ్యమైనది. సాధారణముగా ఇట్టి నాటు ప్రత్తి పింజ పొట్టి, ముతక. సన్న నూలుకు పనికిరాని ఆ ముతకతనమే పరుపునకు గుణము. ముతక పింజ నొక్కిన మరల లేచును. సన్నని మెత్తని పింజ త్వరగా అణగి చాపవలె అగును. కావున “మంచి సన్న పింజ దూది” అని ఎక్కువ ధర చెప్పిన పరుపునకు అది గొప్ప కాదని తెలియవలెను.

దూది పరుపు గాలి ఆడునది, చెమట పీల్చునది. అన్నిటికంటె ముఖ్యము, అణగిన దూదిని విప్పి, ఏకించి, మరల నింపవచ్చును. నురుగు పరుపునకు ఈ రెండవ పుట్టుక లేదు. దూది పరుపు లోపము బరువు, గడ్డకట్టుట. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నాలుగంగుళముల మందము గల పరుపునకు సుమారు 10 నుండి 12 కిలోల దూది పట్టును. మీ ఎదుట తూచి నింపించవలెను.

బూరుగు దూది. తమిళములో దీనినే ఇలవము పంజు అందురు. బోడినాయకనూరు ప్రాంతము దీని వ్యాపారమునకు పేరుగన్నది. దీని పోగు లోపల బోలుగా ఉండి గాలితో నిండియుండును. పైన మైనము వంటి పూత ఉండుటచే నీరు సులభముగా అంటదు. అందుచేతనే పూర్వము ఓడలవారు నీటిలో తేలు రక్షణ కోటులలో దీనిని నింపెడివారు. ఈ పరుపు తేలిక, మెత్తన. కాని పోగు పెళుసు. దూదివలె గట్టిగా కొట్టి ఏకించిన పొడియగును. ఎండబెట్టి చేతితో విప్పుటయే తగును. నిప్పు త్వరగా అంటుకొనును. నడుము నొప్పి గలవారు ఒట్టి బూరుగు పరుపుమీదనే పడుకొనక, క్రింద గట్టి దూది పరుపు వేసి పైన పలుచని బూరుగు పరుపు వేసికొనుట మేలు.

కొబ్బరి నార పరుపు. నారను విప్పి, రబ్బరు పాలు చల్లి, అచ్చులో వేడిచేసి పలకలుగా చేయుదురు. గాలి బాగుగా ఆడును. గట్టిదనము ఎక్కువ. బరువైనవారికి, ఎండ ప్రాంతమునకు బాగున్నది. పలుచనివారు పైన అంగుళము రెండంగుళముల మెత్తని పొర వేసికొనవలెను. నార విరిగి పొడి రాలుట మొదలైన బాగుచేయుట సాధ్యము కాదు.

నురుగు పరుపు. అంగడివారు “32 డెన్సిటీ, 40 డెన్సిటీ” అని చెప్పుదురు. అది ఒక ఘనమీటరు నురుగు ఎన్ని కిలోలు తూగునో చెప్పు అంకె. ఒకే జాతి నురుగులో అంకె పెరిగిన కొలది సాధారణముగా ఎక్కువకాలము నిలుచును. కాని ముక్కలను జిగురుతో అంటించి నొక్కిన నురుగునకు 80, 100 అను అంకె చెప్పుదురు. అది వేరు జాతి. 100ను 40తో పోల్చి “రెండున్నర రెట్లు మంచిది” అనుకొనరాదు. 20 నంబరు నూలును 60 నంబరుతో పోల్చి ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అనలేము గదా! జాతి, పని చూచి చెప్పవలెను.

ఒత్తిడికి నెమ్మదిగా అణగి నెమ్మదిగా లేచు నురుగు ఒకటి గలదు. 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకై విమానపు ఆసనముల కొరకు దానిని కనిపెట్టిరి. ఒంటి వేడికి మెత్తబడుట దాని గుణము. చలిదేశములో అది సుఖము. విరుదునగరము చిత్తిరై ఎండలో, రేకుల కప్పు క్రింద, అది వేడి పట్టి ఉంచును, మరింత మెత్తబడును. కొనువారు ఈ సంగతి ఆలోచించి కొనవలెను.

వ్యర్థముల పరుపు. తక్కువ ధరకు వీధిలో తెచ్చి అమ్ము పరుపులలో బనియను కత్తిరింపులు చీల్చినది, మిల్లు ఊడ్పు దుమ్ము కలిపినది ఉండవచ్చును. ఒక మూల కుట్టు విప్పి చూపుమని అడుగవలెను. చూపనివాని యొద్ద కొనరాదు. చిటికెడు తీసి నల్లగుడ్డపై దులిపిన దుమ్ము, గింజ తునకలు తెలియును. వాకిట దూరముగా నిలిచి చిటికెడు కాల్చిన దూది కాగితము కాలిన వాసనతో మెత్తని బూడిద యగును. పాలిస్టరు కరగి నల్లపూసవలె గట్టిపడును. ఈ పరీక్ష నూలు విషయములో మనమందరము ఎరిగినదే.

3. పై గుడ్డ మన పని

పరుపు గుడ్డ విషయములో నేతవారికి ఎవరును చెప్పనక్కరలేదు. ఐనను రెండు మాటలు. బూరుగు దూది సన్నని సందులోనుండి కూడ బయటపడును. కావున దట్టమైన నేత కావలెను. మన జిల్లాలో రాజపాళయము ప్రక్కన ఛత్రపట్టిలో నేయు గాయపు కట్టుగుడ్డకు పలుచని నేత ఎంత అవసరమో, పరుపు గుడ్డకు దట్టమైన నేత అంత అవసరము. 20 నంబరు వంటి ముతక నూలుతో, పన్నెలో పోగులు దట్టముగా పోసి, పేక బాగుగా కొట్టి నేసినది మన్నును. ఏటవాలు గీతల నేతయైన మరింత గట్టి. గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడు బెజ్జములు మెరయరాదు.

ఎంత గుడ్డ కావలెనో లెక్క చూడుడు. గుడ్డ వెడల్పు 40 అంగుళములు అనుకొందము. పై భాగమునకు కుట్టుతో సహా 75 అంగుళములు, అడుగు భాగమునకు 75. ప్రక్క పట్టీ చుట్టుకొలత 18 అడుగులు, అనగా 216 అంగుళములు. అయిదంగుళముల పట్టీలు 40 అంగుళముల వెడల్పులో అడ్డముగా కత్తిరించిన ఆరు పట్టీలు కావలెను, అనగా 30 అంగుళములు. మొత్తము 180 అంగుళములు, సరిగా 5 గజములు. కుదింపునకు మరి అరగజము చేర్చుడు. గుడ్డను ముందే తడిపి ఆరవేసి తరువాత కత్తిరించవలెను.

సంచి నింపిన పిదప ప్రతి ఆరు ఎనిమిది అంగుళములకు ఒకచోట పైనుండి అడుగువరకు దారము దూర్చి ముడి వేయించవలెను. ముడులు దూరమైన దూది ప్రక్కలకు జరిగి నడుమ పలుచబడును. గుంట పడుటకు ముఖ్య కారణము ఇదియే.

పరుపుపై వేయునది ఏది? 1985లో చేసిన చట్టము చేనేతకు ప్రత్యేకించిన రకములలో దుప్పటి, జమఖానా ఉన్నవి. భవాని జమఖానా ఒకటి పరుపు క్రింద వేసిన మంచపు పట్టె ఒరపిడి తగ్గును. ఎండకాలములో పరుపుపై కోరచాప వేసికొనువారు గలరు. తిరునెల్వేలి జిల్లా పత్తమడై చాపలు ఇందుకు ప్రసిద్ధి. చల్లన కొరకు మంచిదే.

4. ధర లెక్క

పరుపు ధర అంగడిలో చెప్పినది కాదు, ఏటికి పడినది. ఉదాహరణకు 12,000 రూపాయల పరుపు 6 ఏండ్లు వచ్చిన ఏటికి 2,000. 5,000 రూపాయల దూది పరుపును మూడేండ్ల కొకమారు 1,000 ఖర్చుతో ఏకించుచు 9 ఏండ్లు వాడిన, రెండు ఏకింపులతో మొత్తము 7,000. ఏటికి 800 లోపే. ఈ అంకెలు లెక్క చూపుటకు మాత్రమే. మీ ఊరి ధరలు వేసి చూచుకొనుడు. కంతులపై కొనునప్పుడు కంతులన్నియు కూడి ఎంతయగునో కాగితముపై వ్రాయించుకొనవలెను. గ్యారంటీ చీటిలో ఎన్ని అంగుళముల గుంట పడిన మార్చి ఇత్తురో చదువవలెను. మా సభ్యుని చీటిలో ఆ పంక్తి ఉన్నది. కొన్ననాడు ఆయన చదువలేదు, చదివి చెప్పవలసిన మేమును అడుగలేదు.

5. సంరక్షణ

నెలకు రెండుమార్లు దూది పరుపును ఎండలో వేసి, తిరుగవేసి, తల వైపు కాళ్ల వైపునకు మార్చవలెను. మన ప్రాంతమున అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవన వానలు. ఆ నెలలలో నేలపై పరచిన పరుపు అడుగున చెమ్మ పట్టి బూజు కట్టును. ఉదయము లేవగానే చుట్టి ఎత్తుగా పెట్టవలెను. వానలు వెలిసిన తరువాత పూర్తిగా ఎండించవలెను. నురుగు పరుపును మాత్రము తీక్షణమైన ఎండలో ఉంచరాదు. నీడలో గాలికి పెట్టవలెను.

దుప్పటి, దిండు గలీబులు వారమునకు ఒకమారు వేడినీటిలో ఉతుకవలెను. ఉబ్బసము గలవారికి పరుపు ధూళిలోని కంటికి కనబడని పురుగులు హాని చేయును. దూది ఏకించునప్పుడు ఇంటిలో కాక వాకిట ఏకించవలెను. ముక్కుకు గుడ్డ కట్టుకొనవలెను. మగ్గము వద్ద పీల్చు నూలు దుమ్మే మన ఊపిరితిత్తులకు చాలును.

అగ్గిపెట్టెలు చేయు కోవిల్‌పట్టి, సాత్తూరు వారికి నిప్పు సంగతి చెప్పనక్కరలేదు. ఐనను చెప్పుదుము. పరుపుమీద బీడీ, దోమల చుట్ట, దీపము కూడదు. దూది లోలోపల గంటలకొలది రగులును. నురుగు మండిన వచ్చు పొగ విషము.

ఇంటివారందరు కూర్చుండి ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మన ఇంటిలో ఎవరు ప్రక్కకు తిరిగి, ఎవరు వెల్లకిల పడుకొందురు? ఎవరి బరువు ఎంత?
2. ఇప్పుడున్న పరుపు నడుమ గుంట పడినదా? పొడుగాటి కర్ర ఒకటి అడ్డముగా వేసి సందు ఎంత ఉన్నదో కొలువుడు.
3. లోపల ఉన్న సరుకు ఏది? ఏకింపుతో బాగగునా, మార్చవలసినదేనా?
4. ఉదయము లేచునప్పటి నొప్పి మగ్గము దిగునప్పటి నొప్పి కంటె ఎక్కువా? ఎక్కువయైన పరుపును, తలగడను విచారింపవలెను. పగలు పెరుగుచు పోయిన మగ్గపు పీట ఎత్తును, కూర్చుండు తీరును విచారింపవలెను.

సోదరులారా, నాలుగవ ప్రశ్నను ముందుగా మిమ్ము మీరు అడుగుకొనుడు. మా సభ్యుని ఆ ఒక్క ప్రశ్న ముందే అడిగియుండిన నలువది దినములు ఆయన మగ్గము ఆగియుండెడిది కాదు. తెలియనిచోట సలహా చెప్పుటకంటె విచారించి చెప్పుట మేలని మేము నేర్చుకొంటిమి. మీ ఊరిలో దూది పరుపు కుట్టువారు ఇంకను ఉన్నచో వారికి పని ఇండు. వారు ఏకిన దూదికి మీరు నేసిన గుడ్డ తొడుగుడు. ఆ పరుపులో ఏమున్నదో మీ ఇంటిలో అందరికిని తెలిసియుండును.